బెట్టా చేపల దేహాకృతి: జాతి, ఎంపిక, పోషణ

అక్వేరియం దుకాణాల్లో ఫైటర్ ఫిష్ పేరుతో అమ్ముడయ్యే బెట్టా చేపను కొనేవారు ముందుగా తోకను చూస్తారు, తర్వాత రంగును చూస్తారు. ఈ చేపల గురించి వచ్చిన పుస్తకాలు, ప్రదర్శనల నియమావళులు, వ్యాపారుల ధరల పట్టికలు కూడా రకాలను ఎక్కువగా తోక పేరుతోనే విడదీస్తాయి. రెక్కలను కాసేపు పక్కన పెట్టి మొండెం మాత్రమే గమనిస్తే, ఒకే వయసున్న మగ చేపల్లో సైతం ఒకటి సన్నగా కోలగా, ఒకటి పొట్టిగా ఎత్తైన మొండెంతో, మరొకటి తల వెనక నుంచే వీపు ఉబ్బెత్తుగా లేచి కనిపిస్తాయి. ఈ తేడాలు జాతి లక్షణమా, తరతరాల ఎంపిక ఫలితమా, ఆడ మగ భేదమా, వయసు ప్రభావమా, తిండి ఎక్కువై వచ్చిన మార్పా, రోగ చిహ్నమా అన్నది చేపను పెంచేవారికి తరచుగా ఎదురయ్యే ప్రశ్న. దీనికి సమాధానాలు వర్గీకరణ శాస్త్రంలో కొంత, పెంపకందారుల అనుభవంలో కొంత, ఇటీవలి జన్యు పరిశోధనల్లో కొంత, చేపల వైద్యంలో కొంత చెదిరి ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చి పరిశీలించినప్పుడు తేలే విషయం ఒకటుంది: బెట్టా పెంపకంలో రెక్కకు ఇచ్చిన ప్రాధాన్యం దేహానికి దక్కలేదు, ఆ లోటును భరిస్తున్నది చేప వెన్నెముక.

బెట్టా ప్రజాతికి చెందిన డెబ్బైకి పైగా జాతులన్నీ ఆగ్నేయాసియావే. భారతదేశపు నీళ్లలో సహజంగా పెరిగే బెట్టా లేదు. అయినా ఈ చేప శాస్త్ర గ్రంథాలకు ఎక్కిన కథలో బెంగాల్‌కు చోటుంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో అక్కడ వైద్యుడిగా పనిచేసిన డెన్మార్క్ దేశస్థుడు థియోడర్ కాంటర్ 1849లో సయాం పోరుచేపను మాక్రోపోడస్ పగ్నాక్స్ అనే పేరుతో వర్ణించాడు. 1910లో ఇంగ్లండ్‌కు చెందిన చార్లెస్ టేట్ రీగన్ ఆ బృందాన్ని మళ్లీ పరిశీలించి, పగ్నాక్స్ అనే పేరు అప్పటికే మరో బెట్టాకు చెందినందువల్ల దీనికి బెట్టా స్ప్లెండెన్స్ అని కొత్త పేరు పెట్టాడు. థాయిలాండ్ ప్రభుత్వం 2019లో ఈ చేపను తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. తెలంగాణ రాష్ట్ర చేపగా గుర్తింపు పొందిన కొర్రమీను, చెట్టెక్కే చేపగా ప్రసిద్ధమైన అనబాస్, గౌరామి చేపలు, బెట్టా ఒకే క్రమానికి చెందిన బంధువులు; మొప్పల పైభాగాన ఉండే మడతల అవయవం సాయంతో నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగలగడం వీటన్నిటికీ ఉమ్మడి లక్షణం. బెట్టాలోనూ గౌరామిలోనూ ఆ అవయవాన్ని లాబిరింత్ అంటారు.

పెంపుడు రకాల వైవిధ్యాన్ని అంచనా వేయడానికి కొలబద్ద అడవి చేపే. చేపల శాస్త్రంలో దేహాకృతిని కొన్ని కొలతలతో చెబుతారు: మూతి కొన నుంచి తోక రెక్క మొదలయ్యే చోటు వరకు ఉన్న దూరాన్ని ప్రామాణిక పొడవు అంటారు, వీపు నుంచి పొట్ట వరకు ఉన్న గరిష్ఠ దూరం దేహపు ఎత్తు, మొండెం సన్నబడి తోక రెక్కను కలిసే భాగం తోక మొదలు, మూతి నుంచి వీపు రెక్క వరకు సాగే అంచు వీపు గీత. తోకతో కలిపి సుమారు ఆరున్నర సెంటీమీటర్ల వరకు పెరిగే అడవి స్ప్లెండెన్స్ దేహం కోలగా, పక్కల నుంచి కొద్దిగా అణిగి, వీపు గీత ఎక్కడా విరగకుండా మెత్తగా సాగి, తోక మొదలు దృఢంగా ఉంటుంది. మూతి పైకి తిరిగి ఉంటుంది, ఎందుకంటే దోమ పిల్లలూ పురుగులూ దొరికేది నీటి పైపొరలోనే, గాలి అందేది కూడా అక్కడే. పదికి అటూ ఇటూగా కిరణాలున్న చిన్న వీపు రెక్క మొండెం మధ్యకు వెనకగా ఉంటుంది. ఇరవైకి పైగా కిరణాలున్న అడుగు రెక్క, అంటే పాఠ్యపుస్తకాలు పాయు వాజం అనేది, పొట్ట కింద నుంచి తోక వరకు పొడవునా సాగుతుంది. కిరణాలంటే రెక్క పొరను నిలబెట్టే సన్నని పుల్లలు. వీపు రెక్క చిన్నదిగా, అడుగు రెక్క పెద్దదిగా ఉండే ఈ అసమానత బెట్టా దేహ నిర్మాణానికి గుర్తు. జంట తోక రకం దగ్గరికి వచ్చేసరికి దీని ప్రాముఖ్యం తెలుస్తుంది.

ఈ ఆకారానికి బతుకుతెరువుతో సంబంధం ఉంది. వరి మళ్లు, గడ్డి పెరిగిన కాలువలు, లోతులేని చిత్తడి నేలలు దీని నివాసం. అక్కడ దూరాలు ఈదడం కన్నా మొక్కల కాడల మధ్య నుంచి దూరి ఒక్క ఊపులో ముందుకు దూకడమే అవసరం. సంతానోత్పత్తిలోనూ దేహపు పొడవుకు పని ఉంది. మగ చేప నీటిపై నురగ గూడు కట్టి, దాని కింద ఆడ చేపను తన మొండెంతో వంపుగా చుట్టి పట్టుకుంటుంది. ఆ పట్టులో ఆడ చేప గుడ్లు విడుస్తుంది, మగది వాటిని నోటితో ఏరి గూటిలో పెడుతుంది, ఇది పదేపదే జరుగుతుంది. వంగలేని పొట్టి మొండెం, కదలికను అడ్డుకునే బరువైన రెక్కలు ఈ పనికి ఇబ్బంది కలిగిస్తాయి.

అడవి జాతుల్లోనే ఆకార భేదాలు చాలా ఉన్నాయి. స్ప్లెండెన్స్‌కు అతి దగ్గరి బంధువులుగా ఇంబెల్లిస్, స్మరాగ్డినా, స్టిక్టోస్, మహాచాయెన్సిస్, సయామోరియెంటాలిస్ అనే జాతులను లెక్కిస్తారు. చివరి రెండూ 2012లోనే శాస్త్రీయంగా వర్ణితమయ్యాయి. నురగ గూడు కట్టే ఈ బృందం మొత్తం స్థూలంగా ఒకే మూసలో ఉన్నా, దక్షిణ థాయిలాండ్, మలేషియా ప్రాంతపు ఇంబెల్లిస్ చిన్నగా నాజూకుగా, ఈశాన్య థాయిలాండ్ వైపు ఉండే స్మరాగ్డినా సన్నగా పొడుగ్గా ఉంటాయి. గుడ్లను నోట్లో పెట్టుకుని పొదిగే బెట్టాల్లో తేడా మరింత పెద్దది. ఆ బాధ్యత మగ చేపదే కావడం వల్ల తల, దవడలు వెడల్పుగా ఉంటాయి. బ్రూనై ప్రాంతపు మాక్రోస్టోమా పెద్ద నోటికి పేరుపడ్డది, బోర్నియో వాగుల్లో ఉండే యూనిమాక్యులాటా దేహం దాదాపు గుండ్రటి దూలంలా పొడుగ్గా ఉంటుంది. పీట్ అనే కుళ్లిన ఆకుల నేలల మీది నల్లటి ఆమ్ల జలాల్లో బతికే కొక్సినా బృందపు చేపలు చిన్నగా, చాలా సన్నగా ఉంటాయి. దుకాణంలో దొరికే చేపకు ఈ విశాల ప్రజాతితో ఉన్న సంబంధం ఒక కొమ్మకు పరిమితమే అయినా, ఆ కొమ్మలో మాత్రం రక్తం బాగా కలిసింది. కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఐదు జాతులకు చెందిన 98 చేపల జన్యుసముదాయాలను చదివి 2022లో ప్రచురించిన అధ్యయనం, మచ్చిక కనీసం వెయ్యేళ్ల కిందటే మొదలైందని, పెంపుడు బెట్టాకూ చుట్టుపక్కల అడవి జాతులకూ మధ్య సంకరం రెండు వైపులా జరిగిందని చూపింది. కాబట్టి పెంపుడు చేపలో సన్నని మొండెం కనిపిస్తే అది ఎప్పుడో కలిసిన మరో జాతి వారసత్వం కూడా కావచ్చు.

దేహాకృతిని మొదట గట్టిగా పట్టించుకున్నది పందెం చేపలు పెంచిన థాయి వారే. చేపల పోరాటాలు క్రూరమైనవి. భారతదేశంలో వినోదం కోసం జంతువులను పోట్లాటకు రెచ్చగొట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఆ అలవాటును సమర్థించకుండానే, దాని వల్ల పుట్టిన పరిశీలన ఎంత సూక్ష్మమైనదో ఒప్పుకోవాలి. పొట్టి రెక్కల పోరుచేపను అక్కడ ప్లాకాట్ అంటారు, ఆ మాట ఇప్పుడు ప్రపంచమంతటా పొట్టి తోక బెట్టాలన్నిటికీ వాడుకలో ఉంది. పాత పెంపకందారులు ప్లాకాట్ మొండేన్ని తమకు తెలిసిన ఇతర చేపల పేర్లతో వర్గీకరించారు: కొర్రమీను ఆకారం అంటే తల నుంచి తోక మొదలు వరకు దాదాపు ఒకే మందంతో గుండ్రంగా పొడుగ్గా ఉండేది; అనబాస్ ఆకారం అంటే పొట్టిగా, ఎత్తుగా, దిట్టంగా ఉండేది; క్రాయ్ అనే కత్తి చేప ఆకారం అంటే తల దగ్గర వీపు పైకి వంగి, పక్కల నుంచి పలచగా ఉండేది. ఈ వర్గీకరణలో తోక ప్రస్తావన లేకపోవడం గమనించదగినది. పందెం చేపకు దవడ బలం, పొలుసుల మందం, తోక మొదలు దృఢత్వం ముఖ్యం. ఎంపిక వాటి మీదే జరిగింది, అందువల్ల నేటికీ సంప్రదాయ ప్లాకాట్ వంశాల్లో మొండెం బలంగా, ఈత చురుగ్గా ఉంటుంది.

అలంకార పెంపకం వేరే దారిలో నడిచింది. వేలాడే పొడుగు తోకతో ఉండే వెయిల్‌టెయిల్ రకం 1927 ప్రాంతంలో అమెరికాకు చేరింది. 1960లలో జర్మనీలో త్రికోణంగా విచ్చుకునే డెల్టా తోకను, 1980లలో ఫ్రాన్స్‌లోనూ ఆ తర్వాత ఇతర దేశాల్లోనూ 180 డిగ్రీలు తెరుచుకునే హాఫ్‌మూన్‌ను, 1990లలో ఇండోనేషియాలో కిరణాల కొసలు పొర దాటి పొడుచుకువచ్చే క్రౌన్‌టెయిల్‌ను అభివృద్ధి చేశారు. తోకల చరిత్రను ఇంతకన్నా విస్తరించడం ఇక్కడ అనవసరం. వాటి వల్ల దేహానికి ఏమైందన్నదే ప్రశ్న. రెక్క పొడవును నిర్ణయించే జన్యు స్థానంలో కేసీఎన్‌జే15 అనే జన్యువు ఉందని, 727 చేపలను పరిశీలించి 2022లో వెలువడిన మరో అధ్యయనం గుర్తించింది. ఇది కణాల పొరలో పొటాషియం అయాన్లు ప్రవహించే మార్గానికి సంబంధించిన జన్యువు. జీబ్రా చేపల్లో రెక్కలు అతిగా పెరిగే రకాల్లోనూ ఇటువంటి పొటాషియం మార్గాల జన్యువులే మారినట్టు అంతకుముందే తేలింది. అంటే రెక్క ఎంతవరకు పెరిగి ఆగాలో చెప్పే సంకేతం మారుతోంది, మొండెం మాత్రం పాత పరిమాణంలోనే ఉంటోంది. చిన్న మొండెం మోయాల్సిన తెర పెరిగిపోవడంతో నీటి నిరోధం పెరుగుతుంది, చేప త్వరగా అలుస్తుంది, నేలమీదా ఆకుల మీదా ఎక్కువసేపు వాలి ఉంటుంది. కొన్ని తమ తోకను తామే కొరుక్కుంటాయి. కిరణాలు మితిమీరి చీలి గులాబీ రేకుల్లా మడతలు పడే రోజ్‌టెయిల్ చేపల్లో మొండెం చిన్నదిగా, పొట్ట రెక్కలు సన్నగా, పొలుసులు అక్రమంగా ఉండటం పెంపకందారులకు చాలాకాలంగా తెలిసిన విషయం.

అయితే తోకకూ మొండేనికీ ఉన్న సంబంధం అత్యంత స్పష్టంగా బయటపడేది జంట తోక రకంలో. పేరు తోకను సూచిస్తున్నా ఇది నిజానికి మొండెం మొత్తం మారిన రకం. తోక రెక్క రెండు లోబులుగా విడిపోవడంతో పాటు వీపు రెక్క అడుగు రెక్కంత వెడల్పుగా పెరుగుతుంది, మొండెం పొట్టిగా ఎత్తుగా మారుతుంది, తోక మొదలు మందమవుతుంది. ఒక్క మార్పుతో ఇన్ని లక్షణాలు ఎందుకు కలిసి వస్తాయన్న ప్రశ్నకు సింగపూర్‌లోని టెమాసెక్ లైఫ్ సైన్సెస్ ప్రయోగశాల పరిశోధకులు 2021లో సమాధానం సూచించారు. జిక్1, జిక్4 అనే రెండు జన్యువులను ఎప్పుడు, ఎక్కడ పనిచేయించాలో నిర్దేశించే డీఎన్ఏ ముక్క ఈ చేపల్లో తెగిపోయిందని, జంట తోకకు అదే కారణం కావచ్చని వారు ప్రతిపాదించారు. పిండ దశలో ఈ రెండు జన్యువులు దేహపు పైసగంలో పనిచేసి దానికి వీపు స్వభావాన్ని ఇస్తాయి. అవి పనిచేయనప్పుడు పైసగం కూడా కింది సగం నమూనాలోనే తయారవుతుంది. అందుకే వీపు రెక్క అడుగు రెక్కకు ప్రతిబింబంలా పెరుగుతుంది. ఎముకల చేపల్లో వెన్నెముక కొస పైకి వంగి ఉండి, తోక రెక్క ప్రధానంగా దాని కింది వైపు నుంచి ఏర్పడుతుంది కాబట్టి, పైవైపు కూడా కింది వైపులా మారితే రెండో తోక లోబు రావడం సహజ పరిణామమే. జపాన్ వరిమళ్ల చేప మెడకాలో ఇదే జన్యు జంట దెబ్బతిన్న రకం చాలాకాలంగా ప్రయోగశాలల్లో ఉంది. దానిలోనూ వీపు రెక్క అడుగు రెక్కలా మారి, మొండెం అడ్డుకోత నీటిబొట్టు ఆకారం పొందుతుంది. రెండు వేర్వేరు చేపల్లో ఒకే యంత్రాంగం ఒకే విధంగా దేహాన్ని మార్చడం, ఈ వివరణకు బలం చేకూర్చే సాక్ష్యం.

ఈ జన్యు మార్పు అంతర్గతమని, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ చెరొక ప్రతి వస్తేనే జంట తోక కనిపిస్తుందని పెంపకందారులు చెబుతారు. ఒకే ప్రతి ఉన్న చేపకు మామూలు తోకే ఉంటుంది గాని, వీపు రెక్క మొదలు కొంత వెడల్పవుతుంది. హాఫ్‌మూన్ వంశాల్లో వీపు రెక్క పెద్దదిగా, అర్ధవృత్తానికి సరితూగేలా ఉండాలన్న కోరికతో జంట తోక చేపలను వాటితో కలపడం ఆనవాయితీ అయింది. దీని పర్యవసానం బయటికి అంతగా తెలియదు: జంట తోక ఎక్కడా కనిపించని వంశంలో కూడా పొట్టి మొండెం వైపు మొగ్గు, వెన్ను వంపుల ప్రమాదం లోలోపల చేరుతూ ఉంటాయి. జంట తోక రకంలో వెన్నుపూసల వంకరలు, వీపు రెక్క మొదట్లో కుంగుడు, ఈతలో అస్థిరత మిగతా రకాల కన్నా తరచుగా కనిపిస్తాయని, రెండు జంట తోక చేపలను వరుసగా తరతరాలు జతకట్టిస్తే లోపాలు పెరుగుతాయని అనుభవజ్ఞులైన పెంపకందారులే హెచ్చరిస్తూ వచ్చారు. జన్యు పరిశోధన చేసిన మేలు ఏమిటంటే, ఈ హెచ్చరిక కేవలం అనుభవం మీద ఆధారపడిన మాటగా మిగలకుండా, దేహపు పైసగం నమూనానే మార్చే మార్పుతో ఆడుకుంటున్నామన్న స్పష్టత ఇవ్వడం.

తక్కిన రెండు ముఖ్య రకాలను క్లుప్తంగా చూడవచ్చు. ఛాతీ రెక్కలు ఏనుగు చెవుల్లా పెద్దవయ్యే డంబో రకానికి కేసీఎన్‌హెచ్8 అనే మరో పొటాషియం మార్గపు జన్యువు ఎక్కువ తక్కువలుగా వ్యక్తం కావడం కారణం కావచ్చని సింగపూర్ బృందమే సూచించింది. ఇక్కడ మొండెం ఆకారం అంతగా మారదు గాని, చేప నిలకడగా తేలడానికీ, మలుపు తిరగడానికీ వాడేది ఛాతీ రెక్కలనే కాబట్టి వాటి బరువు ఈత తీరును మారుస్తుంది. జెయింట్ అనే భారీ రకం థాయిలాండ్‌లో రూపొందింది. మామూలు బెట్టా కన్నా ఎంతో పెద్దగా పెరిగే ఈ చేపల పరిమాణానికి ఎనిమిదో క్రోమోజోము మీద ఒక ప్రధాన స్థానం ఉందని 727 చేపల అధ్యయనం చెప్పింది. ఆకారం రీత్యా చూస్తే జెయింట్ చాలావరకు ప్లాకాట్ నిష్పత్తులను నిలుపుకున్న రకం, అందువల్ల దాని సమస్య ఆకారం కన్నా చోటుకు సంబంధించింది. సాధారణ బెట్టాకే చాలని సీసాలో దీన్ని ఉంచడం ఏ విధంగానూ తగదు.

కొలంబియా అధ్యయనంలోని ఒక అంశం ఇక్కడ చెప్పుకోవాలి. రంగుకూ, వేర్వేరు రెక్కల ఆకారానికీ కారణమైన ప్రధాన జన్యువులు చాలావరకు ఒకదానితో ఒకటి ముడిపడి లేవని అది చూపింది. ఒక రకం తోకను, మరో రకం ఛాతీ రెక్కను, ఇంకో రకం రంగును పెంపకందారుడు కోరిన విధంగా కలపగలగడానికి కారణం ఇదే. ఇదే వెసులుబాటు దేహానికీ పనికివస్తుంది: మంచి తోకను వదులుకోకుండానే మంచి మొండేన్ని ఎంచుకోవడం చాలా సందర్భాల్లో సాధ్యమే. సాధ్యం కానిది జంట తోక వంటి చోట, ఎందుకంటే అక్కడ తోక, మొండెం రెండూ ఒకే మార్పు ఫలితాలు.

ప్రదర్శనల ప్రమాణాలు దేహాన్ని పూర్తిగా విస్మరించాయని అనడం అన్యాయమవుతుంది. 1960లలో అమెరికాలో మొదలై ఇప్పుడు పలు దేశాల్లో పోటీలు నిర్వహిస్తున్న ఇంటర్నేషనల్ బెట్టా కాంగ్రెస్ నియమాల్లో వీపు గీత మెత్తగా ఉండటం, దేహానికీ రెక్కలకూ నిష్పత్తి కుదరడం, మొండెం దృఢంగా ఉండటం అవసరమని ఉంది. నుదుటి మీద చెంచా గుంటలా లోతు పడిన తల, గూని వీపు, వంకర వెన్ను లోపాలుగా లెక్కకు వస్తాయి. కాని బహుమతి వచ్చే చేపల ఛాయాచిత్రాలు దాదాపు ఎప్పుడూ పక్క నుంచి, రెక్కలు పూర్తిగా విచ్చుకున్న క్షణంలో తీసినవే. పక్క నుంచి చూస్తే పైకీ కిందికీ ఉన్న వంపులు తెలుస్తాయి, ఎడమకూ కుడికీ ఉన్న వంపు తెలియదు. దాన్ని పట్టుకోవాలంటే చేపను పైనుంచి చూడాలి. ఇంత చిన్న అలవాటు వ్యాపారంలో ఇంకా స్థిరపడకపోవడం విచారకరం.

వంశపారంపర్యం కాని తేడాలు మరో పెద్ద భాగం. ఆడ చేప మగ చేప కన్నా సాధారణంగా చిన్నది, రెక్కలు పొట్టివి, పొట్ట గుండ్రనిది. గుడ్లు నిండినప్పుడు పొట్ట స్పష్టంగా ఉబ్బుతుంది, పొట్ట కింద గుడ్లు వచ్చే గొట్టం తెల్లని చుక్కలా కనిపిస్తుంది. కొత్తగా పెంచేవారు దీన్ని రోగమనుకోవడం పరిపాటి. వయసు కూడా ఆకారాన్ని మారుస్తుంది. దుకాణానికి వచ్చే మగ చేపలు సాధారణంగా నాలుగు నుంచి పది నెలల వయసువి, మొండెం సన్నగా ఉంటుంది. ఏడాది దాటాక తల, భుజాల భాగం బరువెక్కుతాయి. రెండు నుంచి నాలుగేళ్ల జీవితకాలంలో చివరి దశకు వచ్చిన చేపలో కండ తగ్గి, వీపు కొద్దిగా వంగి, పొట్ట గుంట పడటం సహజం. పిల్ల దశలో ఇరుకు తొట్టిలో కిక్కిరిసి, నీరు చల్లగా, మురికిగా ఉండి పెరిగిన చేప తర్వాత ఎంత మేపినా తన వంశపు పూర్తి పరిమాణాన్ని అందుకోలేకపోవచ్చు. ఒకే ఈతలో పుట్టిన పిల్లల మధ్య కనిపించే పరిమాణ భేదంలో దీని పాత్ర పెద్దది.

తిండి వల్ల వచ్చే మార్పు మిగతావాటి కన్నా వేగంగా కనిపిస్తుంది, వేగంగా సరిదిద్దవచ్చు కూడా. బెట్టా మాంసాహారి, దోమ లార్వాలు, డాఫ్నియా, చిన్న పురుగులు దాని సహజాహారం. దుకాణపు గుళికలను రోజుకు రెండు మూడు సార్లు చేతికందినన్ని వేస్తే పొట్ట ముందుభాగం, ఛాతీ రెక్కల వెనక, గుండ్రంగా ఉబ్బుతుంది. చేప పొట్ట దాని కంటి పరిమాణంలోనే ఉంటుందన్న వాడుక మాట శరీరశాస్త్ర సత్యం కాకపోయినా, కొద్దికొద్దిగా పెట్టాలని గుర్తుచేయడానికి అక్కరకు వస్తుంది. ఒకటి రెండు రోజులు తిండి ఆపి, తర్వాత తక్కువగా పెడితే తగ్గే ఉబ్బును మలబద్ధకం లేదా అతిమేత అనుకోవచ్చు. పొట్టతో పాటు పొలుసులు పైకి లేచి, పైనుంచి చూస్తే దేవదారు కాయలా కనిపిస్తే అది జలోదరం, అంటే దేహంలో నీరు చేరడం. మూత్రపిండాలు పనిచేయకపోవడం, బ్యాక్టీరియా సోకడం వంటివి దాని మూలాలు, ఆ దశలో కోలుకునే అవకాశం తక్కువ. దీనికి విరుద్ధంగా, బాగా తింటున్నా తల పెద్దదిగా మొండెం కత్తి అంచులా పలచబడుతూ పోవడం, వెన్ను క్రమంగా వంకర తిరగడం చేపల క్షయగా పేరున్న మైకోబ్యాక్టీరియా సంక్రమణకు చిహ్నాలు కావచ్చు. ఈ బ్యాక్టీరియా చేతి మీది పుండ్ల ద్వారా మనిషికి సోకగలదు కాబట్టి అటువంటి తొట్టిలో చేతులు పెట్టేటప్పుడు చేతికవచాలు వాడటం అవసరం.

ఈ కారణాలన్నిటినీ వేరుచేయడానికి కాలం ఉపయోగకరమైన కొలబద్ద. పుట్టినప్పటి నుంచి, లేదా కొన్న రోజు నుంచి మారకుండా ఉన్న పొట్టితనం, ఎత్తు, వంపు వంశానికీ పిల్ల దశ పెంపకానికీ చెందినవి. గంటల్లో, రోజుల్లో వచ్చిపోయేవి మేతకు చెందినవి. వారాల్లో, నెలల్లో ఒకే దిశగా సాగేవి వయసుకో రోగానికో చెందినవి. ఆడ చేపలో గుడ్ల ఉబ్బు మాత్రం ఈ వరుసలో ఇమడదు. చేపను నెలకొకసారి పక్క నుంచీ పైనుంచీ ఒకే దూరంలో ఫొటో తీసి ఉంచుకుంటే ఈ తేడాలు తెలుసుకోవడం ఎంతో సులభమవుతుంది. విటమిన్ సి లోపం చేపల్లో వెన్ను వంకరలు తెస్తుందని చేపల సాగు శాస్త్రానికి ఎప్పటి నుంచో తెలుసు. పాతబడిన, తేమ తగిలిన మేతలో ఈ విటమిన్ త్వరగా నశిస్తుంది కాబట్టి, ప్రతి వంకరనూ వంశానికి అంటగట్టే ముందు మేత డబ్బా మూత తీసి ఎన్నాళ్లయిందో చూడటం న్యాయం.

బెట్టా చిన్న సీసాలో బతకగలదన్న ప్రచారమే దాని అమ్మకానికి ఆధారమైంది. గాలి పీల్చుకోగలగడం వల్ల అది తక్కువ నీటిలో చావకుండా ఉండగలదు. అది ఆరోగ్యంగా పెరగడానికి సరిపోయే ఏర్పాటు మాత్రం కాదు. ఈదే చోటు లేని చేపలో తోక మొదలు కండ బలపడదు, వెచ్చదనం 25 డిగ్రీల కన్నా దిగువకు పోయినప్పుడు కదలిక తగ్గి జీర్ణక్రియ మందగిస్తుంది, పొట్ట ఉబ్బుతుంది. పది పదిహేను లీటర్ల నీరు, మూత, మెల్లగా కదిలే వడపోత, కొన్ని మొక్కలు ఉంటే చేప దేహం దాని వంశం అనుమతించినంత మేరకు సవ్యంగా ఎదుగుతుంది.

ప్రదర్శన ప్రమాణాలు రాసేవారు, పెంపకందారులు, కొనేవారు ముగ్గురూ ఒకే క్రమాన్ని పాటించవలసి ఉంది: ముందు వెన్ను, తర్వాత ఈత, తర్వాత రెక్క, చివర రంగు. వంకర వెన్ను, గూని, చెంచా నుదురు ఉన్న చేపను ఎంత అందమైన తోక ఉన్నా జతకట్టించకూడదు. జంట తోకను జంట తోకతో తరతరాలు కలపడం మానాలి. అడవి ఆకారానికి దగ్గరగా ఉన్న ప్లాకాట్ వంశాలను పొడుగు రెక్కల వంశాల్లో అప్పుడప్పుడు కలిపి మొండెం బలాన్ని నిలుపుకోవాలి. దుకాణంలో సీసా ముందు నిలబడిన పాఠకుడు చేయవలసింది ఇంకా సులభం: సీసాను పైనుంచి చూసి వెన్ను తిన్నగా ఉందో లేదో పరీక్షించాలి, చేప పైకి వచ్చి గాలి పీల్చి మళ్లీ కిందికి అవస్థ పడకుండా దిగుతుందో లేదో గమనించాలి, ఆ రెండూ సరిగా ఉన్న చేపనే ఇంటికి తీసుకువెళ్లాలి.